ఇరవైకి తొమ్మిది

మా కుల్దీగలో నది గడ్డకడుతుంది,
దాని మీద నడిచి బడికెళ్ళిన కాళ్ళు నావి.
అయినా చలంటే ఏమిటో
కొయింబ్రాలోనే తెలిసింది.
కిటికీ అవతల చెట్టునిండా నారింజలు,
ఇవతల నేను:
రెండు జతల మేజోళ్ళు, కోటు,
పొట్ట మీద వేడినీళ్ళ సంచి.
ఈ ఇళ్ళకి కుంపటి ఉండదు,
గోడలకి మాత్రం చెమట.
ఉతికిన చొక్కా నాలుగు రోజులు తీగ మీద ముక్కు చీదుకుంటూనే ఉంటుంది.

పంతొమ్మిదేళ్ళు. జలశాస్త్రం, రెండో సంవత్సరం.
ఐదు నెలల కోసం వచ్చాను. పెట్టెలో
ఒక నల్లరొట్టె, ఒక నిఘంటువు,
స్కాలర్‌షిప్ త్వరలో పడుతుందని ఒక ఉత్తరం.

ఇంటావిడ పేరు ఎర్మెలిండ.
నేను మదార అంటే
ఆవిడ "మదైరా" అంది.
మా దగ్గర అది పొలంగట్టున పూసే పసుప్పచ్చ గడ్డిపువ్వు,
ఆవిడ భాషలో కొయ్య.
దిద్దుదామంటే నా దగ్గర క్రియాపదాల్లేవు.
సరే, కొయ్యనే.

మెట్ల మీద ఎదురొచ్చే పక్కింటి కుర్రాణ్ణి
రోజూ పలకరించేదాన్ని,
మీ తాత కులాసానా అని.
వాడు రోజూ ఓసారి ఆకాశంకేసి చూసేవాడు.
నెల తర్వాత ఎవరో చెప్పారు:
నోరు కాస్త బాగా తెరిస్తే అవ్వ,
సగంలో మూస్తే తాత.
తాత పోయి ఆరేళ్ళు.

నవంబరు అద్దె ఇవ్వలేదు. ఆవిడ అడగలేదు.
ఆకుకూర సూపు గిన్నె మీద పళ్ళెం బోర్లించి
నా గుమ్మంలో పెట్టేది,
తలుపు తట్టకుండా వెళ్ళిపోయేది.
డిసెంబరులో డబ్బు పడింది,
రెండు నెలలదీ ఇస్తే లెక్కపెట్టి
ఒక నోటు వెనక్కి తోసింది.
ఎందుకని అడిగాననుకుంటా.
జవాబులో "చలి" ఒక్కటే అర్థమైంది.

జనవరిలో నోటి పరీక్ష.
మొండేగు వరద గురించి చెప్పమన్నాడు ప్రొఫెసర్.
సమీకరణం తెలుసు, గీత గీయగలను,
నాలుక మాత్రం కుల్దీగ నదిలా బిగుసుకుంది.
"నీళ్ళు పెరుగుతాయి" అన్నాను.
"తర్వాత?"
"తర్వాత తగ్గుతాయి."
ఇరవైకి తొమ్మిది.
పది వస్తే గట్టెక్కినట్టు.

వంటింట్లో కాగితం చూసి ఎర్మెలిండ
నవ్వలేదు, ఓదార్చలేదు.
గౌను పైకి లాగి మోకాళ్ళు చూపించింది,
అరిగిన గుండ్రాళ్ళలా ఉన్నాయి.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు నీ కాలేజీ నేల తుడిచాను అంది.
ఏ బెంచీకింద ఎవరి పేరు చెక్కి ఉందో చెప్పగలనంది.
కూర్చోవడం మాత్రం...
అంటూ బంగాళాదుంప చెక్కు తీసింది.

ఆ తర్వాత రాత్రుళ్ళు పాఠం మొదలైంది.
ఆవిడ చిన్నప్పటి వరద,
నీళ్ళు బీరువా మూడో సొరుగు దాకా రావడం,
పెళ్ళిగుడ్డలు, తేలిపోయిన కోడిపెట్ట,
చివర్లో ఇల్లంతా బురద.
ఒక్కో మాటా పది సార్లు నా చేత అనిపించింది.
బురద అన్నప్పుడల్లా ముక్కు మూసుకునేది,
నేనూ మూసుకోవాలి.

మళ్ళీ పరీక్ష ఫిబ్రవరిలో.
నోటి పరీక్షకి ఇక్కడ తలుపులు మూయరు,
ఎవరైనా వచ్చి వినొచ్చు.
ఎవరూ రారు.
నల్లకోటు వేసుకుని వచ్చింది ఎర్మెలిండ.
గుమ్మంలో కాళ్ళు తుడుచుకుంది, రెండుసార్లు.
నాలుగో వరసలో, అంచున,
కుర్చీ తనది కాదన్నట్టు కూర్చుంది.

మొండేగు అడిగాడు.
నేను సొరుగుల దగ్గర మొదలుపెట్టాను.
ఒకటి, రెండు, మూడు,
తర్వాత సమీకరణం, తర్వాత కోడిపెట్ట,
బురద దగ్గర చెయ్యి ముక్కు మీదికి దానంతటదే వెళ్ళింది.
ప్రొఫెసర్ కలం ఆపి నన్ను చూశాడు,
నా వెనక ఎవర్నో చూశాడు.

బయటికొచ్చేసరికి గంట కొడుతోంది,
కుర్రకారంతా మేక అని పిలిచే గంట.
ఎన్నొచ్చాయని ఆవిడ అడగలేదు.
పట్టుకమ్మీ పట్టుకుని దిగుతూ, దిగుతూ,
చూపుడువేలు ఎత్తి నాకు చూపించింది,
కొసన బూడిదరంగు దుమ్ము.

"నాలుగో వరస" అంది,
"ఎవరూ తుడవడం లేదు, మదారా."